కుండీ మొక్కకు మచ్చ పడితే ఎవరిని అనాలి

వరండా

నేను ఉద్యోగంలో చేరిన రోజున మా పై అధికారి నా కాగితాలు చూడనైనా చూడకుండా ఒక మాట అన్నారు. "పొలాలకు మగపిల్లలు పోతార్లేమ్మా. నువ్వు వరండాలో కుండీలు చూసుకో."

నేను చదివింది మొక్కల తెగుళ్లు. అనంతపురంలో ఆ చదువు చదివిన వాళ్లు వేరుశనగ ఆకుమచ్చతో ఉద్యోగం మొదలుపెట్టి, దానితోనే ముగిస్తారు. నేనూ అట్లాగే అనుకుని వచ్చాను. ఉరవకొండ వైపు జీపు ఎక్కేవాళ్లు ఎక్కారు, నేను వరండాలో మిగిలాను. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు సంతోషం కలుగుతుంది.

పొలాల నుంచి తిరిగొచ్చిన సహోద్యోగి ఒకాయన రోజూ నా బల్ల దగ్గర ఆగేవాడు. "ఏమక్కా, మీ మనీ ప్లాంటుకు జ్వరం తగ్గిందా?" అని అడిగేవాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఒకరోజు నేను "తగ్గిందప్పా. మీ శనక్కాయకు ఎట్లుండాది?" అన్నాను. ఆ ఏడు వాన లేదు. పొలంలో మచ్చ పడటానికి ఆకే లేదు. ఆయన మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్త పిల్లలు వస్తున్నారు. వాళ్లకు కుండీలు చూడమంటే అవమానం కాదు, అదే ఉపాధి. ఆసుపత్రి, బట్టల అంగడి, బ్యాంకు, అపార్టుమెంటు, ఎక్కడ చూసినా డ్రసీనా, పీస్ లిలీ, అరేకా పామ్. వాన ఆగని అడవుల్లో పుట్టిన మొక్కలను వాన రాని ఊరికి తెచ్చి, ఏసీ గదిలో పెట్టి, పచ్చగా ఉండమంటాం. ఉండకపోతే ఎవరినో ఒకరిని తిడతాం. ఆ తిట్టు ఎవరి మీద పడాలో తేల్చడమే నా ఉద్యోగమని నాకు ఆలస్యంగా తెలిసింది.

అది నేర్పిన కేసు గౌస్ పీరాది. అందులో మొక్కలు చస్తే మళ్లీ కొత్తవి వచ్చేవి. గౌస్ పీరా నర్సరీ మూతపడితే మాత్రం మళ్లీ తెరుచుకునేది కాదు. ఆ సంగతి చెప్పే ముందు మచ్చల గురించి కొంత చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మచ్చ నడక

మచ్చ చూడగానే మందు పేరు చెప్పే మనిషిని నమ్మకండి.

తెగులు మచ్చకు ఒక నడక ఉంటుంది. ఒక ఆకు మీద పుట్టి, నీటి తుంపర వెంట కింది ఆకుకు, అక్కడి నుంచి పక్క కుండీకి పోతుంది. బూజు తెగులైతే గోధుమరంగు మచ్చ చుట్టూ పసుపు వలయం కనిపిస్తుంది. మధ్యలో ఒక్కోసారి ఆవగింజ కంటే సన్నని నల్ల చుక్కలుంటాయి. బాక్టీరియా మచ్చ ఉన్న ఆకును వెలుతురుకు పట్టి చూస్తే నూనె పడిన కాగితంలా ఉంటుంది. ఎండ మచ్చ కిటికీ వైపున్న ఆకులకే వస్తుంది, పాకదు. నీళ్లలోని ఉప్పు వల్ల వచ్చే మచ్చ ఆకు కొసలో, అంచులో మొదలవుతుంది. ముదురు ఆకులకు ముందు వస్తుంది. ఒకే నీళ్లు తాగిన కుండీలన్నిటికీ దాదాపు ఒకేసారి వస్తుంది. అది ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి అంటుకోదు.

తెగులే అయితే మచ్చ పడిన ఆకులు కోసి కవరులో మూటకట్టి పారేయాలి. కత్తెరను ప్రతి మొక్కకూ స్పిరిట్‌తో తుడవాలి. జబ్బు కుండీని విడిగా పెట్టాలి. కుండీల మధ్య గాలి ఆడనివ్వాలి. నీళ్లు పొద్దున పూట మట్టికే పోయాలి, ఆకుకు కాదు. ఇంతవరకు చేస్తే చాలా ఇళ్లలో మందు అవసరం రాదు. ఇంత చేసినా కొత్త మచ్చలు పడుతూనే ఉంటే అప్పుడు రాగి కలిసిన తెగులు మందు. అదీ మొక్కను బయట నీడకు తీసుకెళ్లి, డబ్బా మీద రాసిన మోతాదులోనే. ఇంకో మాట: పడిన మచ్చ పోదు. చాలామంది పాత మచ్చ పోలేదని మళ్లీ మళ్లీ మందు కొడతారు. చూడాల్సింది కొత్త ఆకును. అది శుభ్రంగా విప్పుకుంటే మొక్క బాగుపడినట్టే.

రాయదుర్గంలో ఒక డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో మొక్కలకు వరుసగా మచ్చలు పడుతున్నాయని పిలిపించారు. నాకు జీపు ఇవ్వలేదు, బస్సులో పోయాను. కూలర్ ముఖం సరిగ్గా కుండీల మీదికి ఉంది. ఆకులు తడిసి, కారుతూ ఉన్నాయి. కాంపౌండరుది గుమ్మఘట్ట వైపు. "మనుషులకే ఉబ్బరిస్తాంది కదా మేడమ్, చెట్టుకు ఉబ్బరీదా? దానికీ ఇంత గాలి తగలనీ అని నేనే తిప్పి పెట్టినా" అన్నాడు. మంచి మనసు. ఆ తడికే బూజు పట్టింది.

కూలర్ పక్కకు తిప్పి, చెడిన ఆకులు కోయమన్నాను. డాక్టరు గారికి నచ్చలేదు. "ఇంత మాత్రానికా బస్సెక్కి వచ్చినారు? మందు రాస్తారనుకుంటి" అన్నారు. ఆయనే తన దగ్గరికి వచ్చే రోగుల్లో సగం మందిని నీళ్లు మరగబెట్టి తాగమని చెప్పి పంపేవారు. వాళ్లు ఆ మాటకు ఫీజు కూడా ఇచ్చి పోయేవాళ్లు.

గౌస్ పీరా

గౌస్ పీరా నర్సరీ బైపాస్ పక్కన ఉంది. పచ్చ వల కప్పిన షెడ్డులో మొక్కలు పెంచి, బజార్లో అంగళ్లకు నెల బాడుగ మీద ఇచ్చేవాడు. వాడిన కుండీని తీసుకుపోయి, బాగున్న దాన్ని పెట్టేవాడు. పెద్ద బాడుగ బట్టల వ్యాపారి రమణ శెట్టి గారిది. ఆయన అంగడి గుమ్మం నుంచి చీరల అర వరకు కుండీలే.

ఒక ఎండాకాలం ఆ కుండీలన్నిటికీ మచ్చలు పడ్డాయి. గుమ్మంలో ఎండిన ఆకులు చూసి ఎవరో ఏదో అన్నారట. శెట్టి గారు అంగడి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర, పక్క అంగళ్ల వాళ్లందరూ ఉండగా, గౌస్‌ను పట్టుకుని, "రోగం చెట్లు తెచ్చి నా అంగట్లో పెట్టినావు గదరా! ఎత్తకపో" అన్నారు. ఆ వారంలోనే పక్క అంగళ్ల వాళ్లు కూడా తమ కుండీలు ఎత్తుకుపొమ్మన్నారు. వాళ్లలో కొందరి కుండీల్లో మచ్చలు ఇంకా కనిపించనే లేదు.

శెట్టి గారి కుండీలు ఎత్తే ముందు గౌస్ నా దగ్గరికి వచ్చాడు. తువ్వాలలో చుట్టుకొచ్చిన డ్రసీనా ఆకు బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, రోగం అనే మాట బజార్లో పడిపోయింది. ఇంక నా చెట్టు ఎవురు పెట్టుకుంటారు? షెడ్డు జాగా ఆయన కూడా ఖాళీ చేస్తావా అని అడుగుతాండాడు. మీరు చూసి, నా చెట్లల్లో రోగం ఉంటే ఉండాదని చెప్పండి. అంతా కాల్చేసి గమ్మునుంటా. లేకుంటే లేదని చెప్పండి. అంతే."

ఆకు కొస గోధుమ రంగులో ఎండి ఉంది. ఎండిన భాగం మీద బూజు చుక్కలూ ఉన్నాయి. ఒక్క ఆకు చూసి చెప్పలేనన్నాను.

అప్పటికి మా పై అధికారి వేరొకాయన. నాకు ఎన్నడూ దొరకని జీపు శెట్టి గారి అంగడి అనగానే దొరికింది. ఇద్దరం వెళ్లాం. ఆయనకు కుర్చీ వేశారు, బాదం పాలు ఇచ్చారు. నాకు కుర్చీ వేయలేదు. అదీ మేలే అయింది. కూర్చున్న మనిషి ముందున్నదే చూస్తాడు, నిలబడిన మనిషి చుట్టూ చూస్తుంది. మా సారు భూతద్దంతో ఒక ఆకు చూసి, "ఫంగస్. నర్సరీ నుంచే వచ్చింది. వారం వారం మందు కొట్టించండి" అన్నారు.

"సార్, కొసలు చూడండి. అన్ని కుండీలకూ ఒకే తీరు ఉండాది" అన్నాను.

"ఇప్పుడొద్దమ్మా" అన్నారు, శెట్టి గారి ముందే.

ఆయన చూసింది అబద్ధం కాదు, బూజు ఉంది. చచ్చిన ఆకు మీద బూజు చేరుతుంది. అది ఆకును చంపిందా, చచ్చాక వచ్చిందా అన్నది భూతద్దంలో కనిపించదు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. "ఇప్పుడొద్దమ్మా" అన్న మాటను నేను గుర్తుపెట్టుకున్నాను.

మేడమీది కుండీలు

మందు కొట్టారు. మచ్చలు పెరిగాయి. నేను సెలవు పెట్టి ముందు గౌస్ షెడ్డుకు వెళ్లాను. శెట్టి గారికి ఇచ్చిన మొక్కలతో పాటు పెరిగినవి, అదే మట్టి, అదే ఎరువు, అక్కడ ఇంకా ఉన్నాయి. ఆకులు తిప్పి తిప్పి చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

అక్కడి నుంచి అంగడికి వెళ్లాను. "మీ సారు చెప్పిపోయినారు గదా, మళ్లా ఏం?" అన్నారు శెట్టి గారు.

"చీర చూడనీకి వచ్చినా" అన్నాను. చీర కొనడానికి వచ్చిన మనిషిని ఏ వ్యాపారీ ఆపడు.

పై అంతస్తు దాకా వెళ్లాను. మెట్ల పక్కన చీరలకు ఫాల్ కుట్టే లక్ష్మి కూర్చుని ఉంది. ఆమె మిషను పక్కన మూడు కుండీలు, డ్రసీనాలు రెండు, పీస్ లిలీ ఒకటి, నిగనిగలాడుతున్నాయి.

"ఇవి కూడా గౌసువేనా?"

"ఆయనవే అక్కా. ఒక్కతూరే పెట్టినారు, కిందవీ ఇవీ."

"మందు కొట్టినారా వీటికి?"

లక్ష్మి నవ్వింది. "మందు కొట్టేకి ఈడిదాకా ఎవురొస్తారక్కా? నాకే టీ పైకి రాదు."

"నీళ్లు?"

"అదో, చెయ్యి కడుక్కునే పంపు ఉండాది గదా, మున్సిపాలిటీ నీళ్లు. వస్తా పోతా ఇంత పోస్తా. కిందవాటికి అవ్వ పోస్తాది. ఇంగెవుర్నీ ముట్టనీదు."

మందు కొట్టినవి చస్తున్నాయి, కొట్టనివి బతికాయి. ఒకే షెడ్డు మొక్కలు, ఒకే అంగడి, ఒకే ఏసీ. నీళ్లు పోసే చెయ్యి మాత్రం వేరు. కిందికి దిగి కుండీల అంచులు వేలితో గీరాను. సున్నంలా తెల్లగా రాలింది.

అవ్వ

అవ్వ అంటే శెట్టి గారి తల్లి. పుట్టిల్లు నల్లమాడ వైపు. అంగడి వెనక అరలో, నీళ్లు శుభ్రం చేసే మిషను పక్కన, పీట మీద కూర్చుని ఉంది. వచ్చిపోయేవాళ్లకు తాగేందుకు ఆ మిషను పెట్టారు. అది బోరు నీళ్లు తీసుకుని కొంత తీపి నీరు ఒక గొట్టంలో ఇస్తుంది. మిగిలిన దాన్ని ఇంకో గొట్టంలో బయటికి తోస్తుంది. బోరులోని ఉప్పు, ఫ్లోరైడు అన్నీ ఆ రెండో గొట్టంలో చేరతాయి. మన బోరు నీళ్లు పళ్లను ఏం చేస్తాయో, ఎముకలను ఏం చేస్తాయో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇది దానికంటే చిక్కనిది. డ్రసీనా, పీస్ లిలీ జాతులు ఫ్లోరైడును అసలు ఓర్చుకోవు. ఆ గొట్టం కింద నీలం డ్రమ్ము ఉంది. డ్రమ్ములో చెంబు ఉంది.

"ఈ నీళ్లేనా అవ్వా, చెట్లకు పోసేది?"

"ఇవే. మోరీలోకి పోతాంటే చూడలేక డ్రమ్ము పెట్టించినా. ఆకుల మీద కూడా చల్లుతానమ్మా, దుమ్ము పోవాల గదా."

"నువ్వు తాగుతావా ఇవి?"

"ఎవురు తాగుతారు? ఉప్పు కషాయం."

"మరి చెట్టు తాగల్లా?"

అవ్వ డ్రమ్ములోకి తొంగి చూసింది. "చెట్టు భూమిలోది గదా, అన్నీ తాగుతాదనుకుంటి" అంది. తర్వాత కోపం వచ్చింది. "అయితే పారబొయ్యమంటావా? పెండ్లయి వచ్చిన కొత్తల్లో ఒక్క బిందె కోసరం పొలాలు దాటి పోతాంటిమి. ఈ సీమలో పుట్టి, నీళ్లు పారబొయ్యమని నీ నోటితో ఎట్లంటావే?"

ఆ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబు లేదు. పుస్తకాలు నీళ్లున్న చోట రాస్తారు. వాళ్లు 'వాడకండి' అని ఒక్క మాటలో రాసి ముగిస్తారు. అవ్వ చేసింది తప్పే, కానీ ఆ తప్పు మా ప్రాంతం మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. ఆమెకు వాడొద్దు అని చెప్తే చాలదు. ఏం చేయాలో చెప్పాలి.

వెనక తలుపు తీశాను. సందులో ఏసీల గొట్టాలు వరుసగా కారుతున్నాయి. ఆ తడిలో కుక్క ఒకటి కాళ్లు చాచి పడుకుని ఉంది.

"డ్రమ్ము నీళ్లతో బండలు కడగండి, మరుగుదొడ్లోకి పొయ్యండి. చెట్లకు ఈ చుక్కలు పట్టు అవ్వా."

"ఇవి యాడి నీళ్లు?"

"గాల్లోవి. చల్లని గొట్టానికి తగిలి నీళ్లవుతాయి. వీటిల్లో ఉప్పుండదు."

అవ్వ తలుపు పట్టుకుని లేచి, గొట్టాలన్నీ ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. "రేయ్ రమణా!" అని అంగడంతా వినపడేలా అరిచింది. "ఇన్నేండ్లూ ఇన్ని నీళ్లు కుక్క కింద పోసినార్రా!"

ఆ సాయంత్రానికే గొట్టాల కింద బకెట్లు చేరాయి. మందు ఆపించాను. కుండీలను ఒక్కొక్కటే పైకి మోయించి, పంపు నీళ్లు నిండుగా పోసి, అడుగు నుంచి కారిపోనిచ్చి, మళ్లీ పోయించాను. మట్టిలో చేరిన ఉప్పు కడిగేందుకు ఇదే దారి. ఎండిన కొసలను ఆకు ఆకారంలోనే కత్తిరించాలి. సన్నని గోధుమ అంచు వదలాలి, పచ్చని భాగం తెగకూడదు. తెగితే అక్కడి నుంచి మళ్లీ ఎండుతుంది. ఏసీలు ఆపేసే చలికాలంలో పంపు నీళ్లు పోయమన్నాను. మరీ పాడైన వాటికి మట్టి మార్చాం. కొన్ని చచ్చాయి.

అన్న చోటే

కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. శెట్టి గారికి సంతోషమైంది. "గౌసుకు ఫోన్ చేసినా మేడమ్, చెట్లు ఉండనీలే అని చెప్పినా" అన్నారు.

గౌస్‌ను అడిగితే, "చేసినాడు మేడమ్. ఉండనీలే అన్నాడు. ఉండనీలే అంటే ఏమని? రోగం లేదనా, పోనీలే పాపమనా?" అన్నాడు. మిగతా అంగళ్ల వాళ్లు ఒక్కరూ అతన్ని పిలవలేదు. షెడ్డు జాగా ఆయన గడువు కూడా పెట్టాడు.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మొక్క బాగైంది, పని అయింది అనుకుంటారు. ఒక మాట పది మందిలో పడితే అది పది మందిలోనే తిరిగి రావాలని నాకు సొంత అనుభవంతో తెలుసు. నేను మళ్లీ అంగడికి వెళ్లాను.

"అన్న చోటే అనండి శెట్టి గారూ."

"ఊరికే ఒక మాట అంటి. దానికి ఇంత పంచాయతీనా?"

"ఊరికే అన్న మాటకే ఇన్ని అంగళ్ల వాళ్లు కుండీలు ఎత్తేసినారు."

"అయితే మైకు పెట్టి చెప్పల్లా?"

"అప్పుడు మైకు లేకుండానే గదా అన్నింది."

లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "పోరా. నీళ్లు పోసింది మాయమ్మేనని కూడా చెప్పు. నాకేం సిగ్గు? సంపాలని పోసినానా?"

శెట్టి గారు టీ కొట్టు దగ్గరికి వచ్చారు. గౌస్‌ను నేను పిలిపించాను. గ్లాసు చేతిలో పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, "ఏమప్పా, గౌసు చెట్లకు రోగం లేదంట. తప్పు నాది, ఊరికే అన్నా. మాయమ్మ మిషను నీళ్లు పోసి సంపింది" అన్నారు.

పక్కనున్న పాత్రల అంగడాయన గ్లాసు దించాడు. "మిషను నీళ్లా? మేమూ అవే పోస్తాంటిమి గదప్పా!"

"మేమూ అంతే" అన్నారు ఇంకెవరో. అందరూ నవ్వారు. గౌస్ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మా సారుకు జరిగింది చెప్పాను. "బూజు కూడా ఉండింది కదమ్మా" అన్నారు. ఉండింది. నేను కాదనలేదు. ఆయన "ఇప్పుడొద్దమ్మా" అన్న మాట మాత్రం ఈనాటికీ వెనక్కి రాలేదు. నేను రిటైరైన రోజు నన్ను వేదిక మీద "మన ఆఫీసు కుండీలు చూసుకున్న మేడమ్" అని పరిచయం చేశారు. సరే. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మీ మాట మొక్క మీద పడదు, దాన్ని పెంచిన మనిషి మీద పడుతుంది. తెగులు అనే ముందు కుండీ అంచు గీరండి, నీళ్లు పోసే మనిషిని కలవండి. తొందరపడి అనేసినట్టయితే, అన్న చోటికే వెళ్లి మార్చుకోండి.

శెట్టి గారు టీ కొట్టు దగ్గర ఆ మాట అన్న తర్వాతి వారం గౌస్ ఆటో నిండా కుండీలతో బజారుకు వచ్చాడు. కుండీలు మళ్లీ తెమ్మని పాత్రల అంగడాయన ముందే కబురు పెట్టాడట. నేను కొత్త ఆకులు చూద్దామని శెట్టి గారి అంగట్లోనే ఉన్నాను. శెట్టి గారి గుమ్మం ముందు ఆటో ఆగగానే, "దింపప్పా, ఈతూరి రెండు ఎక్కువే దింపు" అన్నారు శెట్టి గారు.

గౌస్ ఆటో మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. "ముందు నీళ్లు చూపియ్యన్నా."

"నా అంగట్లో నన్నే అడుగుతావా?"

"అంగడి నీదే అన్నా. చెట్లు నావి."

శెట్టి గారు నా వైపు చూశారు. నేను చీరల వైపు చూశాను. అవ్వ వెనక అర నుంచి బకెట్ ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో పెట్టింది. "చూస్కో నాయనా. గాలి నీళ్లు" అంది.

గౌస్ వంగి, బకెట్లో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. వేలు తుడుచుకున్నాడు. తర్వాత మొదటి కుండీ దింపాడు.